విదేశీ నగరంలో కారు లేకుండా తిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రయాణం ఖాయమైందనగానే అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు: "అక్కడ కారు తీసుకోకపోతే ఎలా?" ఇక్కడున్న ప్రశ్నల్లో సగం అలా నన్ను అడిగినవి. మిగతా సగం, డబ్బో టైమో పోగొట్టుకున్నాక నన్ను నేనే అడుక్కున్నవి.

ఏ నగరంలోనైనా కారు లేకుండా నడిచిపోతుందా?

అన్ని చోట్లా కాదు. లండన్, పారిస్, టోక్యో, సింగపూర్, హాంకాంగ్, బెర్లిన్, వియన్నా, న్యూయార్క్ లాంటి చోట్ల కారే తలనొప్పి. లండన్ నడిబొడ్డులోకి కారుతో వెళ్తే 2003 నుంచి కంజెషన్ ఛార్జ్ అని విడిగా కట్టించుకుంటున్నారు. పార్కింగ్ వెతుకులాట దానికి అదనం. లాస్ ఏంజెలెస్, హ్యూస్టన్, డల్లాస్ లాంటివి వేరే బాపతు. రైళ్ళు ఉన్నాయి, బస్సులూ ఉన్నాయి. కానీ ఊరు అంత విశాలంగా పరుచుకుని ఉంటే స్టేషన్లో దిగాక మిగిలిన మూడు కిలోమీటర్లే ఇబ్బంది పెడతాయి.

తేల్చుకోవడానికి నేను చేసేది ఒకటే. మీరు వెళ్ళాలనుకున్న మూడు చోట్లు రాసుకుని, బస నుంచి ఒక్కోదానికి బస్సు-రైలులో ఎంతసేపు, కారులో ఎంతసేపు పడుతుందో మ్యాప్‌లో చూడండి. ఒకటిన్నర రెట్లు అయితే హాయిగా వెళ్ళండి. మూడు రెట్లు అయితే ఆలోచించాల్సిందే. ఇదంతా మంగళవారం పొద్దున టైముకి చూసి సరిపెట్టుకోకండి. ఆదివారం రాత్రి తొమ్మిది అని పెట్టి కూడా చూడండి. అప్పుడు అసలు రంగు బయటపడుతుంది.

హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది గది ఫొటోలు, రేటు చూసి బుక్ చేసేసి, ఆ తర్వాత దారి వెతుక్కుంటారు. ఊరి చివర చవకగా దొరికిందని తీసుకుంటే రోజుకి గంట పోను, గంట రాను. ఐదు రోజుల ట్రిప్‌లో పది గంటలు రైల్లోనే గడిచిపోతాయి. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి మళ్ళీ బయటికి వెళ్దామన్నా కుదరదు.

స్టేషన్‌కి ఏడెనిమిది నిమిషాల నడక దాటకూడదు. రెండు లైన్లు కలిసే స్టేషన్ అయితే ఇంకా మంచిది, ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది. టోక్యోలో యమనోతే లైన్ ఊరి నడిమి భాగం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. 30 స్టేషన్లు, ఒక చుట్టు పూర్తవడానికి సుమారు గంట. దాని పక్కన ఎక్కడ దిగినా పెద్దగా తప్పు జరగదు. బెర్లిన్‌లోనూ ఇలాంటి రింగ్ రైలు ఉంది.

"స్టేషన్‌కి 400 మీటర్లు" అని హోటల్ రాసుకున్నది నమ్మకండి. అది కాకి ఎగిరిన దూరం కావచ్చు. మధ్యలో రైలు పట్టాలో కాలవో ఉంటే చుట్టు తిరిగి రావాలి. నడక దారి పెట్టి చూడండి. తర్వాత గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూలో (వీధుల ఫొటోలు చూపించేది) స్టేషన్ గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా ఒకసారి వేలితో నడిచి రండి. ఫుట్‌పాత్ ఉందా, ఎత్తు ఎక్కాలా, రాత్రి దీపాలుంటాయా అన్నది ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఎలా?

ముందు విమానాశ్రయం పేరు చూసి మోసపోకండి. పారిస్ పేరు తగిలించుకున్న బోవే విమానాశ్రయం పారిస్‌కి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. టోక్యోకి రెండున్నాయి: నరీతా నుంచి ఊళ్ళోకి 60 కిలోమీటర్ల పైమాటే, హనేదా మాత్రం దగ్గర. టికెట్ కాస్త చవకగా ఉందని దూరపు విమానాశ్రయానికి దిగితే, ఆ మిగులు రైలు ఛార్జీకే సరి.

రెండో సంగతి, ఎక్స్‌ప్రెస్ అని బోర్డు ఉన్న రైలే ఎక్కనక్కర్లేదు. హీత్రూ నుంచి లండన్‌లోకి రావడానికి మూడు రైళ్ళున్నాయి. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ స్టేషన్లో దించుతుంది. ఎలిజబెత్ లైన్ దానికంటే నిదానం, కానీ ఊరి నడిబొడ్డు గుండా పోతుంది. పికడిల్లీ లైన్ అన్నిటికంటే నెమ్మది, చవక. మీ హోటల్ పాడింగ్టన్ పక్కన లేకపోతే అక్కడ దిగి, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఇంకో రైలు మారేసరికి మిగిలిన నిమిషాలు కాస్తా ఆవిరైపోతాయి. పారిస్ ఓర్లీకి 2024 జూన్ నుంచి 14వ నంబర్ మెట్రో నేరుగా వెళ్తోంది. పాత బ్లాగులు ఇంకా బస్సు ఎక్కమనే చెబుతుంటాయి.

బెర్లిన్‌లో ఛార్జీలు ఏ, బీ, సీ అనే జోన్ల లెక్కన ఉంటాయి. విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది. ఊళ్ళో తిరిగే ఏబీ టికెట్ అక్కడ చెల్లదు, ఏబీసీ టికెట్ కావాలి. ఆఖరి రోజు విమానానికి వెళ్తూ ఇక్కడే చాలామంది దొరికిపోతారు.

అర్ధరాత్రి దిగుతున్నారా? చిన్నపిల్లలు కూడా ఉన్నారా? అయితే బయట అధికారిక క్యూలో ఉన్న ట్యాక్సీ ఎక్కేయండి. ఆ పూట పొదుపు గురించి ఆలోచించకండి.

టికెట్ కొనాలా, కార్డు తీసుకోవాలా, ఫోన్ చాలా?

లండన్‌లో బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డు చాలు. బస్సుల్లో అయితే 2014 నుంచి నోట్లూ చిల్లరా తీసుకోవడమే మానేశారు. రోజుకి ఇంత అని ఒక పరిమితి ఉంటుంది, అది దాటాక ఎన్నిసార్లు ఎక్కినా అదనంగా పడదు. కానీ పొద్దున కార్డుతో, సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్‌తో ట్యాప్ చేస్తే అది ఇద్దరు మనుషుల కింద లెక్క. పరిమితి రెండు చోట్లా మొదటి నుంచి మొదలవుతుంది. ఏది మొదలుపెట్టారో చివరిదాకా అదే వాడండి. ఇద్దరు కలిసి ఒకే కార్డుతో రైలు గేటు దాటడమూ కుదరదు, మనిషికొకటి ఉండాలి.

న్యూయార్క్‌లో పసుపు మెట్రోకార్డుల అమ్మకం 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఇప్పుడంతా ఓమ్ని, అంటే మీ బ్యాంకు కార్డో ఫోనో చూపిస్తే చాలు. టోక్యోలో సూయికా, హాంకాంగ్‌లో 1997 నుంచి ఉన్న ఆక్టోపస్, సియోల్‌లో టీ-మనీ లాంటివి ముందే డబ్బు వేసుకుని వాడే కార్డులు. రైలుకే కాక దుకాణాల్లో కూడా పనికొస్తాయి. సూయికా ఐఫోన్‌లో పెట్టుకోవచ్చు. జపాన్ బయట కొన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది పనిచేయదు, కాబట్టి ప్లాస్టిక్ కార్డే గతి.

బయల్దేరే ముందు మీ బ్యాంకు విదేశీ లావాదేవీకి ఎంత వడ్డిస్తుందో ఒక్కసారి కనుక్కోండి. రోజుకి ఆరేడు ట్యాప్‌లంటే చిన్న వడ్డన కూడా చిన్నదిగా మిగలదు.

డే పాస్ లాభమా?

అమ్మేవాళ్ళకి ఎప్పుడూ లాభమే! మీ సంగతి వేలు మడిచి లెక్కపెట్టుకోవాలి. ఒక్క ప్రయాణం ఛార్జీతో పాస్ ధరని భాగించండి. నాలుగు వచ్చింది అనుకుందాం. మీరు నిజంగా రోజుకి నాలుగుసార్లకి మించి ఎక్కుతారా? పాత ఊరి మధ్యలో తిరిగే రోజు రెండుసార్లు ఎక్కడమే గగనం, మిగతాదంతా నడకే. కార్డులోనే రోజువారీ పరిమితి ఉన్న నగరాల్లో విడిగా పాస్ అనవసరం.

కొనేటట్టయితే ఒక్కటి చూడండి: అది 24 గంటల పాసా, ఆ తేదీకి మాత్రమే చెల్లేదా? రెండో రకాన్ని సాయంత్రం ఐదింటికి కొంటే డబ్బు నీళ్ళలో పోసినట్టే. పారిస్ నవిగో వారపు పాస్ ఎప్పుడు కొన్నా సోమవారం నుంచి ఆదివారం దాకే. శుక్రవారం దిగినవాళ్ళకి అది దండగ. జర్మనీ మొత్తం లోకల్, రీజనల్ బండ్లకి చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో వచ్చింది. మంచిదే, కానీ అది నెలనెలా దానంతటదే డబ్బు కోసుకునే చందా. ఆ నెల పదో తేదీలోపు రద్దు చేయకపోతే, మీరు ఇంటికొచ్చాక కూడా ఇంకో నెల డబ్బు పోతుంది. వేగంగా పోయే ఐసీఈ రైళ్ళలో అది చెల్లదు కూడా.

స్టేషన్లో గేట్లే లేవు, ఎవరూ అడగడం లేదు. ఉచితమా?

లక్సెంబర్గ్‌లో అయితే అవును. 2020 నుంచి అక్కడ దేశమంతా బస్సులు, ట్రామ్‌లు, రైళ్ళలో సెకండ్ క్లాస్ అందరికీ ఉచితం. బెర్లిన్, వియన్నా లాంటి చోట్ల మాత్రం గేటు లేకపోవడం నమ్మకం కొద్దీ. ఆ నమ్మకాన్ని మఫ్టీలో ఉన్న మనుషులు అప్పుడప్పుడు తనిఖీ చేస్తుంటారు.

నా అనుభవం చెబుతాను. యూరప్‌లో ఒక నగరం, నా మొదటి రోజు. మెషిన్లో టికెట్ కొన్నాను, పర్సులో పెట్టుకున్నాను, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. రెండు స్టేషన్లు దాటాక, అప్పటిదాకా పక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న జీన్స్ ప్యాంట్లవాళ్ళు ఇద్దరు మెడలోంచి బ్యాడ్జీలు తీశారు. నేను గర్వంగా టికెట్ చూపించాను. వాళ్ళలో ఒకామె దాన్ని తిప్పి చూసి, ఖాళీగా ఉన్న ఒక చిన్న చోటుని గోటితో చూపించింది. ముద్ర లేదు. ప్లాట్‌ఫారం మీద ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో టికెట్ అంచు దూరిస్తే ఖటక్కుమని తేదీ, టైము పడుతుంది. అది పడని టికెట్ ఉన్నా లేనట్టే. కొత్తవాణ్ణని చెప్పాను. రోజూ వినే మాటే అన్నట్టు తలూపి ఫైన్ రసీదు చేతిలో పెట్టింది.

బెర్లిన్‌లో ఆ ఫైన్ 60 యూరోలు. ఇటలీలోనూ ముద్ర వేయాల్సిన కాగితం టికెట్లు చాలానే ఉన్నాయి. ఫోన్లో కొన్న టికెట్ అయితే బండి ఎక్కకముందే కొనాలి, తనిఖీవాళ్ళు కనబడ్డాక కాదు. ఫోన్ చార్జింగ్ అయిపోతే అందులోని టికెట్ కూడా అయిపోయినట్టే లెక్క. పవర్ బ్యాంక్ మోయడం బరువే, కానీ తప్పదు.

దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయాలా?

ఊరికో పద్ధతి. లండన్ రైళ్ళలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. సింగపూర్‌లో బస్సు దిగేటప్పుడు కూడా. ఆమ్‌స్టర్‌డామ్ ట్రామ్‌లో కూడా దిగేటప్పుడు చేయాలి. సియోల్ బస్సులో దిగేటప్పుడు ట్యాప్ చేస్తేనే తర్వాతి బండికి మారినప్పుడు తగ్గింపు వస్తుంది. న్యూయార్క్‌లో లోపలికి వెళ్ళేటప్పుడు ఒక్కసారే. మర్చిపోతే చాలా చోట్ల గరిష్ఠ ఛార్జీ కోసేస్తారు. పారిస్ మెట్రోలో టికెట్ అయినా కార్డయినా, బయటికి వచ్చేదాకా దగ్గర ఉంచుకోవాలి.

టోక్యోలో టికెట్ తక్కువ రేటుది కొన్నామని కంగారు పడక్కర్లేదు. గేటుకి ముందు తేడా కట్టే మెషిన్ ఉంటుంది. కట్టేసి దర్జాగా బయటికి రావచ్చు. ఇంత మర్యాద అన్ని ఊళ్ళల్లోనూ ఉంటే ఎంత బాగుండు!

మెట్రో మ్యాప్ చూస్తే బుర్ర తిరుగుతోంది. ఎలా చదవాలి?

ముందు అది భూగోళం మ్యాప్ కాదని గుర్తుపెట్టుకోండి. లండన్‌లో హ్యారీ బెక్ గీసిన గీతల పటం 1933లో అచ్చయింది. దూరాలు, వంపులు వదిలేసి, ఏ స్టేషన్ తర్వాత ఏది అన్నదే చూపించాడు. తర్వాత చాలా నగరాలు అదే దారి పట్టాయి. అందుకే మ్యాప్‌లో దూరంగా కనబడేవి నేల మీద పక్కపక్కనే ఉండొచ్చు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ సుమారు 260 మీటర్లే. దానికోసం కిందికి దిగి, రైలెక్కి, మళ్ళీ పైకి రావడం కంటే నడిచిపోవడమే త్వరగా అవుతుంది.

రెండోది దిక్కు. పారిస్, బెర్లిన్‌లలో లైన్ నంబర్‌తో పాటు ఆఖరి స్టేషన్ పేరు చూడాలి. మీరు దిగేది నాలుగో స్టేషనే అయినా, ఆ వైపు లైన్ చివర ఏముందో తెలియాలి. న్యూయార్క్‌లో అప్‌టౌన్ (ఉత్తరం వైపు), డౌన్‌టౌన్ (దక్షిణం వైపు) అంటారు. కొన్ని స్టేషన్లలో రోడ్డుకి ఈ పక్కన మెట్లు దిగితే ఒక వైపు రైళ్ళే దొరుకుతాయి. రెండో వైపుకి వెళ్ళాలంటే పైకొచ్చి రోడ్డు దాటాలి. ట్యాప్ చేయకముందే బోర్డు చదవండి. అక్కడ లోకల్, ఎక్స్‌ప్రెస్ తేడా కూడా ఉంది, ఎక్స్‌ప్రెస్ మీ స్టేషన్‌ని పలకరించకుండా వెళ్ళిపోతుంది.

మూడోది బయటికొచ్చే దారి. టోక్యో షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. తప్పు దారిలో పైకి తేలితే హోటల్ ఎదురుగా ఉండాల్సింది స్టేషన్‌కి అవతల ఉంటుంది. స్టేషన్ పేరుతో పాటు ఎగ్జిట్ నంబర్ కూడా రాసుకోండి.

ఏ యాప్ వాడాలి?

చాలా చోట్ల గూగుల్ మ్యాప్స్ చాలు. పెద్ద నగరాల్లో సిటీమ్యాపర్ ఉంటే రైలులో ఏ పెట్టె ఎక్కితే మీ ఎగ్జిట్ దగ్గర దిగుతారో కూడా చెబుతుంది. దక్షిణ కొరియాలో నడక దారి చూపడంలో గూగుల్ చాలా ఏళ్ళుగా వెనకబడి ఉంది. అక్కడ నేవర్ మ్యాప్, కకావో మ్యాప్ వాడతారు. చైనాలో గూగులే తెరుచుకోదు, అమ్యాప్ పెట్టుకోండి. చైనా యాప్‌లు, డబ్బు కట్టే అలీపే లాంటివి బయల్దేరే ముందే సెట్ చేసుకోవాలి. దిగాక ఓటీపీల కోసం కూర్చుంటే సగం రోజు టెన్షనే.

స్టేషన్ వచ్చింది, తలుపు తెరుచుకోలేదు. ఏం చేయాలి?

బటన్ నొక్కాలి. చాలా ఊళ్ళలో రైలు, ట్రామ్ తలుపులు వాటంతటవే తెరుచుకోవు. పారిస్ పాత మెట్రో పెట్టెల్లో చిన్న పిడి ఉంటుంది, దాన్ని పైకి తిప్పాలి. తలుపు ముందు బుద్ధిగా నిలబడి, రైలు కదిలాక తర్వాతి స్టేషన్ నుంచి వెనక్కి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బస్సులో దిగాలంటే ముందే ఎర్ర బటన్ నొక్కాలి. సింగపూర్‌లో స్టాప్‌లో నిలబడితే చాలదు, మీ బస్సు వస్తుంటే చెయ్యి ఊపాలి. హాంకాంగ్ ట్రామ్‌కి వెనక నుంచి ఎక్కి, ముందు నుంచి దిగుతూ డబ్బు కట్టాలి.

రాత్రి ఆలస్యమైతే?

న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. లండన్‌లో కొన్ని లైన్లు, బెర్లిన్‌లో చాలా లైన్లు శుక్ర, శనివారాలు మాత్రమే రాత్రంతా ఉంటాయి. టోక్యోలో అంత పెద్ద ఊరైనా అర్ధరాత్రి దాటాక కాసేపటికే రైళ్ళన్నీ ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామున ఐదు ప్రాంతాల్లోనే. ఆఖరి రైలు అంటే మీరు ఎక్కే రైలు ఒక్కటే కాదు, మధ్యలో మారాల్సిన దానికీ ఆఖరిది ఉంటుంది. అది చూసుకోనివాళ్ళే నడిదారిలో మిగిలిపోతారు.

డిసెంబర్ 25న లండన్‌లో ఉండబోతున్నారా? ఆ రోజు ట్యూబ్ (అక్కడి మెట్రో) రైళ్ళు, సిటీ బస్సులు నడవవు. నడిచి వెళ్ళగలిగే చోటే ప్లాన్ చేసుకోండి. జెరూసలేంలో శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా ట్రామ్ ఆగిపోతుంది.

పెద్దవాళ్ళు, స్ట్రోలర్, పెద్ద సూట్‌కేసులు ఉంటే?

ఇక్కడ నిజం చెప్పాలి. పాత మెట్రోలన్నీ మెట్ల మయం. లండన్ ట్యూబ్ 1863లో మొదలైంది, పారిస్ మెట్రో 1900లో. మెట్లెక్కలేనివాళ్ళ గురించి అప్పట్లో పెద్దగా ఆలోచించలేదు. లండన్‌లో సుమారు మూడోవంతు స్టేషన్లలోనే మెట్లెక్కకుండా రైలు దాకా వెళ్ళగలం. పారిస్‌లో పూర్తిగా అలా వెళ్ళగలిగేది 14వ లైన్ ఒక్కటే. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టుల ముందు జనం ఉన్నారని మెట్లవైపు తిరిగితే 193 మెట్లు, అదీ మెలికలు తిరిగే మెట్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళతో వెళ్తే ఆ ముచ్చట వద్దు.

ఇలాంటప్పుడు బస్సే మేలు. పారిస్, లండన్ బస్సులకి అడుగు ఎత్తు తక్కువ, ర్యాంప్ ఉంటుంది, పైగా ఊరు కనబడుతుంది. టైము ఎక్కువ పట్టినా పెద్దవాళ్ళు అలిసిపోరు. సింగపూర్, దుబాయ్ మెట్రోల్లో అన్ని స్టేషన్లలో లిఫ్టులుంటాయి. పిల్లల టికెట్ల రూల్ ఎక్కడికక్కడ వేరు: లండన్ ట్యూబ్‌లో పెద్దవాళ్ళతో ఉంటే 11 ఏళ్ళలోపు ఉచితం, బెర్లిన్‌లో ఆరేళ్ళలోపు. న్యూయార్క్‌లో అయితే వయసు కాదు, ఎత్తు చూస్తారు.

సైకిల్, ఈ-స్కూటర్ మాటేమిటి?

సైకిల్ బాగా వచ్చినవాళ్ళకి పారిస్ వెలిబ్ లాంటి అద్దె సైకిళ్ళు చాలా బాగుంటాయి. తిరిగి స్టాండులో పెట్టాక లాక్ పడిందో లేదో చూడకుండా కదలకండి, లేకపోతే మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అద్దె ఈ-స్కూటర్లని పారిస్ 2023 సెప్టెంబర్ నుంచి నిషేధించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రోజే సైకిల్ ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. అక్కడివాళ్ళ వేగం చూశాక మీకే అర్థమవుతుంది. నడిచేటప్పుడు కూడా ఎర్ర రంగు సైకిల్ దారిలో ఫొటోల కోసం ఆగకండి.

పాటించాల్సిన మర్యాదలు?

ఎస్కలేటర్ మీద లండన్‌లో కుడివైపు నిలబడాలి. టోక్యోలో ఎడమ, ఒసాకాలో కుడి. సింగపూర్ రైల్లో తింటే 500 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు. దుబాయ్ మెట్రోలో ఆడవాళ్ళకీ పిల్లలకీ గులాబి గీతతో వేరే భాగం ఉంటుంది, మగవాళ్ళు తెలియక ఎక్కినా ఫైనే. టోక్యోలో కూడా పొద్దున రద్దీ వేళ ఆడవాళ్ళ పెట్టెలుంటాయి, ప్లాట్‌ఫారం మీద గుర్తు చూసి నిలబడండి. రోడ్డు దాటేటప్పుడు బండ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో అలవాటు కొద్దీ ఊహించకండి, రెండు వైపులా చూడండి. లండన్‌లో అందుకే రోడ్డు మీదే "కుడివైపు చూడండి" అని పెద్ద అక్షరాలతో రాశారు.

క్యాబ్ ఎప్పుడు పిలవాలి?

అర్ధరాత్రి, జోరు వానలో, ఒంట్లో బాగా లేనప్పుడు, నలుగురు ఉండి దూరం తక్కువైనప్పుడు. నాలుగు టికెట్ల కంటే ఒక క్యాబ్ చవకగా పడే సందర్భాలున్నాయి. అన్ని చోట్లా ఊబరే వాడరు: సింగపూర్, మలేసియా, థాయిలాండ్‌లలో గ్రాబ్, చైనాలో డీడీ, దుబాయ్‌లో కరీమ్, యూరప్‌లో చాలా చోట్ల బోల్ట్.

సమ్మె అయితే?

ఫ్రాన్స్, ఇటలీల్లో తరచుగా ఉంటాయి, సాధారణంగా ముందే ప్రకటిస్తారు. ఇటలీలో సమ్మె రోజున కూడా కొన్ని గంటలు బండ్లు నడపాలన్న నియమం ఉంది. ఆ గంటలు చూసుకుని కదలండి. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు ట్రాక్ పనుల వల్ల రైళ్ళు దారి మారుతుంటాయి. ప్లాట్‌ఫారం మీద అతికించిన కాగితాలు పనికిరానివి కావు.

భాష రాదు, ఫోన్ ఆగిపోయింది. ఇప్పుడు?

హోటల్ నుంచి మొదటిసారి బయటికొచ్చేటప్పుడే రిసెప్షన్‌లో వాళ్ళ విజిటింగ్ కార్డు అడిగి తీసుకోండి. అక్కడి లిపిలో పేరు, అడ్రసు ఉంటాయి. దాని వెనక దగ్గరి స్టేషన్ పేరు, ఎగ్జిట్ నంబర్ పెన్నుతో రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్ పెట్టే జేబులో కాదు. ఫోన్ పోతే కార్డు కూడా దాంతోనే పోతుంది.